పలక మీద ఒకరు ఎక్కువ

19 జనవరి 1974, శనివారం

ఎగ్జిబిషన్ ఇవాళ తెరిచారు. బీదర్ కోట కింది మైదానంలోనే, ప్రతి ఏడూ వేసే చోటే. రాష్ట్రం పేరు మారింది కదా, కమాను మీద 'కర్ణాటక' అని కొత్తగా రాయించారు. సున్నం ఒక్క పూతే కొట్టినట్టున్నారు, కింద పాత 'మైసూరు' కనిపిస్తూనే ఉంది. పెయింటర్‌ను అని లాభం లేదు, ఒక్క పూతకు డబ్బులిస్తే ఒక్క పూతే కొడతాడు.

ఈసారి వెళ్ళకూడదనే అనుకున్నాను. మధ్యాహ్నం గంజ్‌లో బేరం లేదు. గోనెసంచులు, తాళ్ళు కావలసినవాళ్ళు పొద్దున్నే వచ్చి పోతారు. దుకాణంలో అన్న కూర్చున్నాడు. నేను లేచి బయటికి వచ్చాను, కాసేపయ్యాక చూస్తే కమాను ముందున్నాను. వచ్చాను కదా అని టికెట్టు కొన్నాను.

రాచయ్య ఖానావళి, అదే భోజనాల డేరా, ఈ ఏడు జెయింట్ వీల్ పక్కన వేశారు. మిగతాదంతా మామూలే. తడికల గోడలు, మధ్యలో పరదా, ఇటు మగవాళ్ళ వైపు, అటు ఫ్యామిలీ వైపు. ఆడవాళ్ళు వెంట ఉంటేనే పరదా అవతలికి పంపిస్తారు. బయట అదే నల్లపలక, దాని మీద పేరు, ఎంతమందో లెక్క. టేబుల్ ఖాళీ కాగానే రాచయ్య గొంతెత్తి పేరూ లెక్కా పిలుస్తాడు.

ఇద్దరు అని రాయించాను. ఇంటామె వెనకాల వస్తోంది అన్నాను. ఎందుకన్నానో తెలియదు, అలవాటు కొద్దీ అని ఉంటాను.

ఫ్యామిలీ వైపు చిన్న టేబుల్ ఇచ్చారు. జేబులోంచి దస్తీ తీసి, ఎవరూ కూర్చోకుండా ఎదుటి కుర్చీ మీద వేశాను. రెండు జొన్నరొట్టెలు, గుత్తివంకాయ, పప్పు, అన్నం, మజ్జిగ. అన్నీ తిన్నాను. రుచిగా ఉన్నాయో లేదో గమనించలేదు.

20 జనవరి, ఆదివారం

వెళ్ళాను. ఇద్దరు.

22 జనవరి, మంగళవారం

ఇక్కడ ఇంటామె పాటించే పద్ధతులు రాసి పెట్టుకోవాలి. నాకన్నీ నోటికొచ్చు అనుకున్నాను. నిన్న డేరా ముందు నిలబడితే ఒకటి గుర్తుకు రాలేదు, జనం నన్ను తోసుకుని వెళ్తున్నా అక్కడే ఉండిపోయాను. కలకత్తా సంచుల మిల్లువాళ్ళు ప్రతి ఏడూ పంపే ఈ డైరీలో లారీ నంబర్లు తప్ప నేనేమీ రాయలేదు ఎప్పుడూ. ఇప్పుడు ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, ఉన్నవాళ్ళకంటే ఒకరిని ఎక్కువగా పలక మీద రాయించాలి. లెక్క పెరిగేకొద్దీ రాచయ్య పొయ్యికి దూరంగా కూర్చోబెడతాడు. మేము ముగ్గురం ఉన్నప్పుడు నలుగురని రాయించేది, ఫ్యాను కింద పెద్ద టేబుల్ వచ్చేది. నాలుగో మనిషేరి అని అడిగితే వస్తున్నారు అనాలి. ఒకసారి వడ్డించాక ఎవరినీ లేపరు.

కూపన్ పుస్తకం పదకొండు గంటల లోపల గేటు దగ్గరే కొనాలి, పది భోజనాలకు ఒకటి ఉచితం. ఒక్కరోజుకు అన్ని అక్కర్లేదు కాబట్టి వరసలో మంచి ముఖం ఒకటి చూసి సగం వాళ్ళకు అమ్మాలి. ఆమె అరనిమిషంలో మనిషిని పట్టేది. బయటి తిండి లోపలికి రానివ్వరు గానీ పిల్లల డబ్బాకు అడ్డు చెప్పరు. మా పిల్ల జయమాల డబ్బా పేరుతో నలుగురికి సరిపడా రొట్టెలు వచ్చేవి. మిగిలిన కూపన్ సాయంత్రం ఐదు దాకా వాపసు తీసుకుంటారు.

పన్నెండు గంటలకు పోవద్దు. మరణబావిలో మోటారు సైకిల్ ఆట మొదలయ్యే ముందు బాకా ఊదుతారు, అప్పుడు సగం డేరా లేచి అటు పరుగెత్తుతుంది, అదే మన సమయం. అప్పటికీ దొరకకపోతే ఎవరి కుర్చీ వెనకైనా నిలబడాలి. రొట్టె విరుస్తున్నవాడి వెనక నిలబడితే సాయంత్రమవుతుంది. మజ్జిగ పోసుకున్నవాడి వెనక నిలబడాలి.

బయటికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర మణికట్టు మీద ఊదా ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర ఉంటే ఆ పూట మళ్ళీ టికెట్టు లేకుండా రావచ్చు. ఇవన్నీ చూసి నేను నవ్వేవాణ్ణి. గోనెసంచులు అమ్ముకునేవాడి పెళ్ళానికి ఇన్ని ఎత్తులా అనేవాణ్ణి. "ఎత్తులేంది, నీ జేబు కాయడానికే గద," అనేది.

నేను ఒక్కణ్ణి వెళ్తున్నాను, ఇద్దరని రాయిస్తున్నాను. పద్ధతి ప్రకారం సరిగ్గానే ఉంది.

24 జనవరి, గురువారం

అత్తగారి ఊరు ధన్నూర వెళ్ళొచ్చాను. దసరా నుంచి జయమాల అమ్మమ్మ దగ్గరే ఉండి అక్కడి బడికి పోతోంది. నేను వెళ్ళేసరికి బడిలో ఉంది.

అత్త రాధాబాయి కందులు చెరుగుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది. మంచినీళ్ళిచ్చింది. నేను జేబులోంచి ఇంటామె కమ్మలు తీసి అత్త చేతిలో పెట్టాను. రెండున్నర నెలలుగా అవి నా చొక్కా మారినప్పుడల్లా జేబు మారుతున్నాయి. ఎక్కడైనా పడిపోతాయని భయంగా ఉండేది. అత్త వాటిని చూసి గుప్పిట మూసుకుంది, చాలాసేపు తెరవలేదు.

"తల్లి లేదన్న ముచ్చట పిల్లకు ఇంకెన్ని దినాలు దాస్తవ్ అల్లుడా?" అంది.

"చెప్త."

"పదకొండో దినం కాంగనే చెప్త అన్నవ్. కార్తీకం పాయె. పుష్యం గూడ నిన్నటితోని పాయె. అమ్మ దవాఖాన్ల ఉంది, నయమైతాంది అని నువ్వు ఉత్తరాలు రాస్తవ్. అది ఆ ఉత్తరం పట్టుకొని వాడంత తిరుగుతది. నేను చూడలేకపోతున్న."

"నువ్వే చెప్పరాదు అత్తా?"

"నా బిడ్డ పోయిందని నా మనుమరాలికి నా నోటితోని చెప్పమంటవా? నాతోని కాదు. తండ్రివి, నువ్వు చెప్పాలె."

ఆమె మాట న్యాయమే. ఫిబ్రవరి పదిహేడు ఆదివారం, ఎగ్జిబిషన్ ఆఖరు రోజు, ఆ రోజు పిల్లను బీదర్ తీసుకురమ్మన్నాను. అక్కడ అన్నం తినిపించి చెప్తానన్నాను.

"జాతరల చెప్పే ముచ్చటనా ఇది?" అంది అత్త.

"ఆమెకు ఆ జాగ ఇష్టం."

"ఎవలకు?" అని అడిగింది. నేను నీళ్ళు తాగాను. అత్త మళ్ళీ చేట అందుకుని, "పదిహేడు దాటితే నేను ఊకోను. ఆ దినమే ఆఖరు," అంది.

బడి నాలుగున్నరకు వదులుతారు. నా బస్సు నాలుగుంబావుకు. ఐదున్నరకు ఇంకొకటి ఉంది గానీ దాంట్లో రద్దీ ఎక్కువ.

26 జనవరి, శనివారం

జెండా పండగ సెలవు. డేరా నిండా జనం. ఇద్దరు. గంటన్నర ఆగాను, నాకేం తొందర లేదు.

28 జనవరి, సోమవారం

జయమాలకు ఉత్తరం రాశాను. ఇది ఐదోది. అమ్మ ఇంకా హైదరాబాద్ దవాఖానలోనే ఉంది, జ్వరం తగ్గింది, నిన్ను అడిగింది, లెక్కలు బాగా చెయ్యమంది. పదిహేడున ఎగ్జిబిషన్‌కు పోదాం.

చెప్పేది ఎలాగూ పదిహేడున చెప్తాను కాబట్టి దీన్ని అబద్ధం అనడానికి లేదు. ఇరవై రోజులు ఆగమనడం, అంతే. వ్యాపారంలో రోజూ అంటాం.

30 జనవరి, బుధవారం

అన్న అడిగాడు. శంకర్‌రావు అన్న సూటిగా ఏదీ అడగడు. సంచులు లెక్కపెడుతూ, వీపు ఇటు పెట్టి అడిగాడు.

"కూసొని తింటే కొండలు గూడ కరుగుతయంటరు. ఇంట్ల మీ వదిన వండుతనే ఉంది. దినాము నీ పళ్ళెం మూతపెట్టి ఉంచుతాంది. పొద్దుమీకి ఆవుకు పెడుతుంది."

కూపన్ పుస్తకం మొత్తం కొన్నాను, పదికి ఒకటి ఉచితం, మధ్యలో మానేస్తే నష్టం అని చెప్పాను. అన్న లెక్క మరిచిపోయి మళ్ళీ మొదటి సంచి నుంచి లెక్కపెట్టాడు.

నిజానికి సగం అమ్ముదామని వరసలో నిలబడ్డాను. ఎవరి ముఖం మంచిదో నాకు తెలియలేదు.

31 జనవరి, గురువారం

ఇద్దరు. వంకాయలో ఉప్పు ఎక్కువైందని పక్క టేబుల్‌వాళ్ళు గొడవ చేశారు. నేను అప్పటికే తినేశాను.

2 ఫిబ్రవరి, శనివారం

జయమాల ఉత్తరం వచ్చింది. అక్షరాలు కుదురుగా ఉన్నాయి. తొమ్మిదేళ్ళ పిల్ల రాత కాదు, అచ్చం వాళ్ళమ్మ రాతే.

"నాయినకు నమస్కారం. నేను బాగున్నాను. అమ్మను అడిగినట్టు చెప్పు. మందులు సరిగ్గా వేసుకోమని చెప్పు. నువ్వు టైముకు అన్నం తిను. పెద్దమ్మ వండింది ఇంట్లో తిను. పదిహేడుకు వస్తాము."

టైముకు తినమని ఇంతకుముందు ఎప్పుడూ రాయలేదు. వాళ్ళ అమ్మమ్మ చెప్పి రాయించి ఉంటుంది.

5 ఫిబ్రవరి, మంగళవారం

ఇవాళ నన్ను లేపేశారు.

బాగా రద్దీగా ఉంది. బగ్దల్ నుంచి వచ్చిన ముసలమ్మ ఒకామె పళ్ళెం పట్టుకుని నా టేబుల్ పక్కన నిలబడింది. ఆమె కోడలికీ పిల్లలకూ పక్క టేబుల్లో చోటు దొరికింది, ఆమెకు దొరకలేదు.

"ఈ కుర్సీ ఖాళేనా కొడుకా?" అంది.

"వస్తున్నరు," అన్నాను.

ఆమె అక్కడే నిలబడి రొట్టె తుంచుకుని తినడం మొదలుపెట్టింది. పళ్ళెం ఒక చేత్తో పట్టుకుంటే కూర ఒలుకుతోంది. ఇంకోసారి అడిగింది. వస్తున్నరు అన్నాను. రెండో రొట్టె కూడా నిలబడే తింది. మోకాళ్ళు నొప్పులేమో, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. నేను ఆ దస్తీ తియ్యలేదు. నాకు జాలి వేయలేదు, కోపం రాలేదు, ఆమె అక్కడ ఉన్నట్టు తెలుస్తోంది, అంతే.

కోడలు లేచి అరిచింది. "ఏం మనిషివయ్యా, ముసల్ది నిలబడి తింటుంటే నీ దస్తీ కూసొని తింటదా?" చుట్టుపక్కల ఆడవాళ్ళు కూడా అందుకున్నారు. వీడు రోజూ ఒక్కడే ఇటువైపు కూర్చుంటున్నాడని ఎవరో అన్నారు. రాచయ్య వచ్చి నా దస్తీ తీసి, మడిచి, నా చేతికిచ్చాడు. ముసలమ్మను కూర్చోబెట్టాడు.

"రావ్ సాబ్, రెండు వారాలకెళ్లి వస్తున్నరు వస్తున్నరు అంటున్నవ్. ఇది ఫ్యామిలీ జాగ. రేపటికెళ్లి పరదా ఇవుతల కూసో," అన్నాడు. మెల్లగానే అన్నాడు గానీ అందరూ విన్నారు.

నా మజ్జిగ అక్కడే ఉండిపోయింది.

6 ఫిబ్రవరి, బుధవారం

వెళ్ళలేదు.

7 ఫిబ్రవరి, గురువారం

వెళ్ళలేదు. మణికట్టు మీది ముద్ర పోతోంది. స్నానం చేసేటప్పుడు ఆ చెయ్యి బయట పెట్టాను, అయినా పోతోంది.

పదిహేడున ఫ్యామిలీ వైపు రానివ్వకపోతే పిల్లను మగవాళ్ళ మధ్య కూర్చోబెట్టి ఎలా చెప్తాను? పదిహేడు తప్పితే అత్త ఊరుకోదు. ఎవరి నోటనో వింటుంది, బడిలోనో బావి దగ్గరో. తండ్రి ఇన్నాళ్ళూ అబద్ధాలు రాశాడని కూడా అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత నేను ఏం చెప్పినా నమ్మదు.

9 ఫిబ్రవరి, శనివారం

మూడు నెలలు.

పొద్దున గేటు తెరవకముందే వెనక దారిన రాచయ్య డేరాకు వెళ్ళాను. రొట్టెలు తట్టే ఆడవాళ్ళు ఆరుగురు వరసగా కూర్చుని ఉన్నారు. రాచయ్య నుదుటి నిండా విభూతి పెట్టుకుని పొయ్యిలో కట్టెలు సర్దుతున్నాడు. నేను క్షమాపణ చెప్పాలని వెళ్ళాను. నోట్లోంచి వేరేది వచ్చింది. పదిహేడున నా బిడ్డ వస్తుంది, దానికి వాళ్ళమ్మ సంగతి తెలియదు, నేను చెప్పాలి, నాకు అటువైపు ఒక్క టేబుల్ కావాలి అన్నాను.

రాచయ్య చేతిలోని కట్టె కింద పెట్టాడు.

"విమలమ్మ గదా," అన్నాడు. "నాకు ఎర్కనే సాబ్. మొదటి దినం నువ్వు ఇద్దరు అని రాయించినప్పుడే చెప్పిండ్రు ఎవలో, ఆమె లేదని. ఏమనాలె? చూసీ చూడనట్టు ఊకున్న. మస్తు గొడవ పెట్టుకునేది నాతోని. ఫ్యాన్ కింద ఇయ్యకపోతే ఆ ఫ్యానన్న తెచ్చి నా నెత్తి మీద పెట్టు అనేది. ముగ్గురే ఉన్నరని నాకు తెల్వదా? ప్రతి ఏడూ నలుగురని రాయిస్తది, ప్రతి ఏడూ నేను నలుగురని రాస్త."

ఆమె పేరు వినపడింది. మూడు నెలల్లో ఎవరూ నా ముందు ఆ పేరు అనలేదు. ఏడుపు వస్తుందేమో అని చూశాను. రాలేదు. రొట్టెలు తట్టే చప్పుడు మాత్రం చాలా పెద్దగా వినిపించింది.

"ఆడపిల్ల వెంట ఉంటే అది ఫ్యామిలీనే," అన్నాడు రాచయ్య. "తోలుకొని రా. పలక మీద నేనే రాస్త. ఆ బగ్దల్ ముసలమ్మ లెక్క ఎవలన్న నిలబడితే మాత్రం కుర్సీ ఇయ్యాలె."

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. అతను మనవాడని ఇన్నేళ్ళూ ఆమెకు తెలుసు, నాకు తెలియదు.

12 ఫిబ్రవరి, మంగళవారం

పరదాకు ఇటువైపు, మగవాళ్ళ వైపు తిన్నాను. పలక మీద పేరు రాయనక్కర్లేదు, ఖాళీ ఉన్న చోట కూర్చోవడమే. దస్తీ జేబులోనే ఉంది.

ఎప్పుడు చెప్పాలో ఆలోచించాను. రొట్టె తినేటప్పుడు చెప్పకూడదు, పొలమారుతుంది. పప్పన్నం తినేటప్పుడు చెప్తే అన్నం వదిలేస్తుంది, మళ్ళీ తినదు. మజ్జిగ పోసుకున్నాక చెప్పాలి. అప్పటికి కడుపు నిండి ఉంటుంది.

ఏమని చెప్పాలో మాత్రం తేలడం లేదు. అమ్మ దేవుడి దగ్గరికి పోయింది అంటే ఎప్పుడొస్తుంది అని అడుగుతుంది. అమ్మకు జ్వరం ఎక్కువైంది అంటే తగ్గిందని రాశావు కదా అంటుంది. నాలుగు రకాలుగా రాసి నాలుగూ కొట్టేశాను. కింద ఉన్న గీతలు అవే.

16 ఫిబ్రవరి, శనివారం

తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించాను. దస్తీ ఉతికాను. కూపన్లు చూసుకున్నాను, సరిగ్గా మూడు మిగిలాయి.

రేపు.

17 ఫిబ్రవరి, ఆదివారం

పదిన్నరకు బస్సు దిగారు. జయమాల పొడుగైంది. దసరాకు కొన్న లంగా మడమలపైకి వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది, ఏమీ అడగలేదు. అమ్మ ఎట్లుంది అని అడుగుతుందని దారి పొడుగునా జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. అడగలేదు. అత్త మా ఇంటి దగ్గర వదినతో ఆగిపోయింది. పిల్ల చేతికి డబ్బా ఇచ్చి, నా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్ళింది.

ముందు అద్దాల గది చూశాము. జయమాల అద్దంలో లావుగా కనిపించి నవ్వింది. నన్ను కూడా ఆ అద్దం ముందుకు లాగి, "చూడు నాయినా, ఇందుల నువ్వు మంచిగ బలిసినవ్," అంది. జెయింట్ వీల్ ఎక్కుతావా అంటే, "అన్నం తిన్నంక ఎక్కితే తిప్పుతది, ముందే ఎక్కాలె," అంది. ఎక్కించాను. పైనుంచి మా దుకాణం కనిపించిందట, మన తాళ్ళ చుట్టలు కనిపించినై అంది. కనిపించవు, గంజ్ అంత దగ్గర కాదు. కానీ సరే అన్నాను.

బాకా ఊదారు. మరణబావి వైపు జనం పరుగెత్తారు. జయమాల నేను చెప్పకముందే ఖానావళి వైపు తిరిగింది.

రాచయ్య సుద్దముక్క పట్టుకుని పలక దగ్గర నిలబడి ఉన్నాడు. పిల్ల తల నిమిరాడు. "ఎంతమంది సాబ్?" అన్నాడు.

"ముగ్గురు," అన్నాను.

ఇద్దరు అనాలనే నోరు తెరిచాను. ఈ నెల రోజుల అలవాటో, ఇన్నేళ్ళూ ఆమె చేసిన అలవాటో, నాకు తెలియదు. రాచయ్య నా ముఖం చూశాడు. సుద్దముక్క కాసేపు పలక మీద ఆగింది. తర్వాత వామన్‌రావు, ముగ్గురు అని రాశాడు. జయమాల ఆ పలకనే చూస్తోంది. మూడో మనిషి ఎవరు అని అడుగుతుంది, ఇక్కడే, ఇంతమంది ముందు, మజ్జిగ కంటే ఎంతో ముందే అడుగుతుంది అనుకున్నాను. అడగలేదు.

"వామన్‌రావు, ముగ్గురు," అని పిలిచాడు రాచయ్య.

ఫ్యాను కింద కాదు గానీ పొయ్యికి చాలా దూరంగా, తడిక తీసి ఉన్న చోట, గాలి వచ్చే టేబుల్. మూడు కుర్చీలు. మూడోదాని మీద దస్తీ వేశాను. చెయ్యి దానంతట అదే వేసింది. టేబుల్ మీద మూడు కూపన్లు పెట్టాను. జయమాల ఎదురుగా కూర్చుని డబ్బా మూత తీసింది. సజ్జ రొట్టెలు, నువ్వుల పొడి, పక్కన బెల్లం ముక్క. ఒక రొట్టె తీసి నా పళ్ళెంలో పెట్టింది. తర్వాత కూపన్లలో ఒకటి తీసి నా వైపు జరిపింది.

"రెండు చాలు నాయినా. దీన్ని ఐదు లోపల వాపస్ ఇయ్యాలె."

"పలక మీద ముగ్గురని..." అన్నాను.

"ఇద్దరుంటే ముగ్గురని రాయించాలె," అంది. "అమ్మ గట్లనే చెప్పింది గద. సరిగ్గనే రాయించినవ్."

అని రొట్టె తుంచింది.

ఇద్దరుంటే. నేను ఆ మాట విన్నాను. వినగానే అర్థం కాలేదు. సంచులు అమ్మేవాణ్ణి, కూడికలు నాకు రాకపోవు, అయినా ఎంతసేపు కూడినా తేలలేదు. తర్వాత తేలింది. పిల్ల మమ్మల్ని లెక్కపెట్టింది. ఇద్దరమని లెక్కపెట్టింది. మజ్జిగ ఇంకా రాలేదు.

"నీకు ఎప్పటికెళ్లి తెలుసు బిడ్డా?" అన్నాను.

"నువ్వు అమ్మమ్మకు కమ్మలిచ్చి పోయిన దినం. అమ్మమ్మ దిండు కింద పెట్టుకొని పండుకుంది. నేను చూసిన." రొట్టె ముక్కను కూరలో అద్దుతూనే ఉంది, నోట్లో పెట్టుకోవడం లేదు. "అమ్మ కమ్మలు తియ్యదు గదా నాయినా. తలకు పోసుకునేటప్పుడు గూడ తియ్యదు."

"అమ్మమ్మ ఏమంది?"

"ఏడ్చింది. మీ నాయిననే చెప్తడు, అప్పటిదాంక తెల్వనట్టే ఉండు అన్నది."

"మరి అమ్మను అడిగినట్టు చెప్పు అని రాసినవ్."

"నువ్వు రాసినవ్ గద. నేను రాయకపోతే నాకు తెలిసిందని నీకు తెలుస్తది. అప్పుడు అమ్మ ఉన్నట్టు అనుకుంట నువ్వు ఒక్కనివే ఉంటవ్ ఆడ."

ఇన్నాళ్ళూ పిల్లను నేను కాపాడుతున్నాననుకున్నాను. సిగ్గనిపించింది. మూడు నెలల్లో నాకు ఏదైనా అనిపించడం అదే మొదలు.

ఒకామె పళ్ళెం పట్టుకుని వచ్చింది. చంకలో బిడ్డ ఉంది. మూడో కుర్చీ వైపు చూసింది. "ఎవలన్న వస్తరా అన్నా, ఈడ?"

జయమాల నా వైపు చూసింది. నా కోసం ఆగింది.

"లేదమ్మా," అన్నాను. "ఎవ్వరు రారు. కూసో."

దస్తీ తీశాను. దాన్ని ఏం చేయాలో తెలియక ముఖం తుడుచుకున్నాను. తుడిచిన కొద్దీ తుడవాల్సి వచ్చింది. ఆ ఆడమనిషి బిడ్డను ఒళ్ళో వేసుకుని, మా వైపు చూడకుండా, గబగబా తినడం మొదలుపెట్టింది.

"అమ్మ పోయింది బిడ్డా," అన్నాను. "నవంబర్ తొమ్మిది నాడు. పొద్దుగాల. నేను పక్కనే ఉన్న."

"ఏమన్న అన్నదా?"

"ఎగ్జిబిషన్ దాంక నయం కావాలె అన్నది."

జయమాల తల ఊపింది. అప్పుడు ఏడ్చింది. పెద్దగా కాదు, పళ్ళెంలోకి చూస్తూ. నేను లేచి దాని పక్కన నిలబడ్డాను, ఎవరో భోజనం ముగించేదాకా నిలబడినట్టే, కుర్చీ వెనక చెయ్యి పెట్టి. మజ్జిగ పోసేవాడు వచ్చి, ఆగి, రెండు గ్లాసులు పెట్టి వెళ్ళాడు.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, "మజ్జిగ వచ్చింది. తాగు నాయినా," అంది.

మిగిలిన కూపన్ వాపసు ఇచ్చి, ఆ డబ్బుతో జిలేబీ కొన్నాము. గేటు దగ్గర జయమాల ముద్ర వేసేవాడికి మణికట్టు చూపించింది. ఆఖరు దినం అమ్మా, ఇంక రాత్రికి డేరాలు పీకుతరు, ఇది పనికి రాదు అన్నాడు. వెయ్యి అంది. వేశాడు. నాకు కూడా వేయించింది.

ఇంటి గుమ్మంలో అత్త నిలబడి ఉంది. నా ముఖం చూసింది, పిల్ల ముఖం చూసింది.

"నాయిన చెప్పిండు అమ్మమ్మా," అంది జయమాల.

18 ఫిబ్రవరి, సోమవారం

వాళ్ళు పొద్దున బస్సుకు వెళ్ళారు. పరీక్షలు కాగానే, ఏప్రిల్‌లో, జయమాల ఇంటికి వచ్చేస్తుంది. తనే చెప్పింది. నేను అడగలేదు.

మధ్యాహ్నం వదిన వండింది ఇంట్లో తిన్నాను. చారులో ఉప్పు తక్కువైంది. చెప్తే వదిన ఉప్పు తెచ్చి వేసి, అక్కడే కాసేపు నిలబడింది.

విమల 1973 నవంబరు 9, శుక్రవారం పొద్దున చనిపోయింది.

వచ్చే ఏడాదికి గుర్తు: మేము ఇద్దరం. ముగ్గురని రాయించాలి.